రెండు ట్యాబ్‌లూ ‘వాతావరణమే’: మేడ మీద వెదర్ స్టేషన్‌తో మూడేళ్లు

ముందే చెప్పేస్తున్నా, వస్తువు పర్లేదు, యాప్ మాత్రం దరిద్రం. అంతకు మించి చదివే ఓపిక ఉన్నవాళ్ల కోసం మిగతాది రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా, ఉద్యోగం వల్ల చెన్నై మడిపాక్కంలో పై అంతస్తులో అద్దెకుంటున్నాం. 2022 ఆగస్టులో ఈ హోమ్ వెదర్ స్టేషన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, ₹13,800 అయింది. మరుసటి ఏడు దానికే తగిలించుకునే కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఇంకో ₹6,500 పెట్టి కొన్నాను, మా ఆవిడ దాని గురించి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే డబ్బాకి నాలుగైదు కంపెనీలు తమ స్టిక్కర్ అతికించి అమ్ముతున్నాయి, ఏ పేరుతో కొన్నా లోపల సరుకు ఒకటేలా ఉంది.

పెట్టెలో వచ్చేది ఇది: మేడ మీద పైపుకి బిగించే బయటి యూనిట్ ఒకటి, అందులో ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, గాలి దిక్కు, వాన, ఎండ కొలిచేవన్నీ ఉంటాయి, మీద అరచేయంత సోలార్ ప్యానెల్. ఇంట్లో పెట్టుకోడానికి కలర్ స్క్రీన్ కన్సోల్, గాలి పీడనం కొలిచేది దాన్లోనే ఉంటుంది. బిగించడానికి గంట పట్టింది. ఇంటి ఓనర్ సార్ పైకొచ్చి ‘ఏంటి సార్ ఇది, ఆంటెన్నానా’ అని తమిళంలో అడిగారు, వాన కొలిచే మిషన్ అని చెప్తే ‘వాన కొలవడం దేనికి, పడితే తెలుస్తుంది కదా’ అని నవ్వి దిగిపోయారు. ఇప్పుడాయనే వాన పడిన మర్నాడు పొద్దున్నే తలుపు కొడతారు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

యాప్‌లో తెలుగు ఉంది అని చూసి ఎగబడి పెట్టుకున్నాను. తెరిస్తే పక్కపక్కన రెండు ట్యాబ్‌లు, రెండిటి పేరూ ‘వాతావరణం’. నా ఫోనే పాడైందేమో అనుకున్నాను. ఇంగ్లీషుకి మారిస్తే తెలిసింది, మొదటిది వెదర్, రెండోది క్లైమేట్. తెలుగు చేసినవాళ్ళు రెండిటికీ ఒకే మాట రాసి చేతులు దులిపేసుకున్నారు. వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేం అనుకోండి, మనం వార్తల్లో చదివేదీ అంతే. ‘రేపు వాతావరణం పొడిగా ఉంటుంది’ అంటే వెదర్. ‘వాతావరణ మార్పు సదస్సు’ అంటే క్లైమేట్. ‘వాతావరణంలో నైట్రోజన్ 78 శాతం’ అంటే అసలు గాలి పొర. మూడిటికీ ఒకే మాట! స్కూల్లో సోషల్ పుస్తకంలో శీతోష్ణస్థితి అని ఉండేది, పరీక్ష అయిపోయాక దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. ఈ గందరగోళం నా నెత్తిమీదకే వస్తుందని అప్పటికి తెలీదు.

2023 మేలో ఒక మధ్యాహ్నం కన్సోల్ మీద 44.6 డిగ్రీలు కనిపించింది. వెంటనే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో ‘చెన్నైలో 44.6, ఇంకా క్లైమేట్ చేంజ్ లేదంటారా’ అని పెట్టేశాను, మా బాబాయ్‌ని ఉద్దేశించే పెట్టాను, ఆయన ఇలాంటివన్నీ ఫారిన్ వాళ్ళ కట్టుకథలంటారు. సాయంత్రానికి ఆయన నుంగంబాక్కం వాతావరణ కేంద్రం లెక్క తెచ్చి నా ఫోటో కింద పెట్టారు, నాకంటే నాలుగు డిగ్రీలు తక్కువ. నుంగంబాక్కంలో ఇప్పటివరకూ నమోదైన రికార్డే 45 డిగ్రీలు, 2003 మే 31న. అంటే నా మేడ మీద దాదాపు రికార్డు బద్దలైనట్టు! గ్రూప్‌లో మూడు రోజులు నవ్వారు.

తప్పు ఎక్కడుందంటే, సెన్సర్ చుట్టూ ఉండే తెల్ల ప్లాస్టిక్ పళ్ళేల గూడు. అది ఎండని ఆపి గాలిని మాత్రం లోపలికి పోనివ్వాలి. మనం కొలవాల్సింది నీడలో ఉన్న గాలి వేడిని, ఎండకి కాలిన ప్లాస్టిక్ వేడిని కొలిచి లాభం లేదు. వాతావరణ శాఖవాళ్ళు వాడేది స్టీవెన్సన్ స్క్రీన్ అని తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, చుట్టూ గాలి ఆడేలా ఏటవాలు పట్టీల గోడలు, మనిషి ఎత్తుకి కాస్త అటూ ఇటూగా నేల మీద, వీలైతే గడ్డి ఉన్న చోట పెడతారు. మాదేమో తారు పూసిన మేడ, పైగా పళ్ళేలు మరీ పల్చన, గాలి ఆడని మధ్యాహ్నాల్లో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. తర్వాత నేను ఇంకో నాలుగు పళ్ళేలు కొని పైన తగిలించి, పైపు ఎత్తు పెంచాను. ఇప్పుడు తేడా ఒక డిగ్రీకి దిగింది. ఇది కంపెనీ చేసి అమ్మాల్సిన పని, మనతో చేయిస్తున్నారు.

ఆ సర్దుబాటు తర్వాత నాకు బాగా నచ్చింది గాలి దిక్కు ముల్లు. మే నెలలో పదకొండు దాకా పడమటి గాలి, టెంపరేచర్ 38 దాటుతుంది. ఉన్నట్టుండి ముల్లు తూర్పుకి తిరుగుతుంది, అరగంటలో మూడు డిగ్రీలు పడిపోతుంది, తేమ 40 నుంచి 65కి లేస్తుంది. సముద్రపు గాలి వచ్చిందన్నమాట. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఆ ముల్లు రెండు దాటినా తిరగదు, ఆ రోజు చెన్నై చచ్చిపోతుంది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఇది తెలుసుకోడానికి కన్సోల్ కావాల్సి వచ్చింది.

ఇక వాన. గరాటు లోపల తూగుడు గిన్నె ఉంటుంది, 0.3 మిల్లీమీటర్ల వాన చేరగానే ఒక పక్కకి ఒరుగుతుంది, ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెడుతుంది. మామూలు వానకి బాగానే చెప్తుంది, దంచి కొట్టినప్పుడు మాత్రం గిన్నె అందుకోలేక తక్కువ చూపిస్తుంది. మాకు ఇంకో బాధ, పావురాలు. గరాటులో రెట్ట, ఎండుపుల్లలు చేరి, ఒకసారి ఊరంతా తడిసిపోయినా మా కన్సోల్ మీద సున్నా. అందుకని పక్కనే నిట్టనిలువు గోడలున్న స్టీల్ డబ్బా ఒకటి పెట్టాను, కింద పైన ఒకే వెడల్పు ఉంటే చాలు, ఎంత వెడల్పైనా ఫర్వాలేదు, పొద్దున్నే స్కేలుతో లోతు చూస్తే అదే వాన. ఈ రివ్యూ చదివి కొనడం మానేసేవాళ్ళకి ఆ డబ్బా చాలు.

ఓనర్ సార్ మనసు మార్చింది ఒక చిన్న లెక్క. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి లీటరు నీళ్ళు. మా మేడ వెయ్యి చదరపు అడుగులు, సుమారు 93 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే 9,300 లీటర్లు, దాదాపు ఒక ట్యాంకర్. 2019 జూన్‌లో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయి ట్యాంకర్ కోసం రాత్రి రెండింటికి మేలుకొన్న మనిషి ఆయన, ఈ లెక్క విన్నాక మొహమే మారిపోయింది. వాన నీళ్ళు భూమిలోకి దించే గొట్టం పూడిపోయి ఉంటే మర్నాడే మనిషిని పిలిచి శుభ్రం చేయించారు. అప్పట్నుంచి వాన పడితే ‘ఎంత సార్’ అని తలుపు కొట్టడం, గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవడం.

ఇప్పుడు ఆ రెండో ‘వాతావరణం’ ట్యాబ్ దగ్గరికి వద్దాం. అది నొక్కితే ఆరు నెలల గ్రాఫ్ ఒకటి చూపించి, కింద ‘మీ ప్రాంత వాతావరణం వేడెక్కుతోంది’ అంటుంది. ఏప్రిల్లో చూస్తే అలా అంటుంది, డిసెంబర్లో చూస్తే ‘చల్లబడుతోంది’ అంటుంది. చలికాలం నుంచి ఎండాకాలానికి వేడి పెరగడాన్ని క్లైమేట్ అని చెప్పి మనల్ని మోసం చేస్తోంది ఆ యాప్! నిజానికి ఒక చోటి శీతోష్ణస్థితి చెప్పాలంటే కనీసం 30 ఏళ్ల కొలతలు కావాలని ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టుకున్న లెక్క. ఇప్పుడు ‘సాధారణం కంటే రెండు డిగ్రీలు ఎక్కువ’ అని వింటుంటాం కదా, ఆ సాధారణం 1991 నుంచి 2020 దాకా తీసిన సగటు. నా దగ్గరున్నది మూడేళ్ళు, అందులో పావురాల పుణ్యాన పోయిన వారాలు తీసేస్తే ఇంకా తక్కువ.

మా నాన్నకి ఫోన్లో ఇది చెప్పబోతే ఆయనకి ముందే తెలుసు. ‘కార్తెలు మరి అంతే కదరా’ అన్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి అని ఎవరూ ఒక ఏడాది చూసి కట్టలేదు, తరాలుగా పొలంలో నిలబడి చూసి చూసి కట్టారు. ఆ కార్తెలో ఏం ఉండాలో చెప్పేది శీతోష్ణస్థితి, ఈ ఏడు ఆ రోజున నిజంగా ఏం పడిందో అది వెదర్. నాన్న ఇప్పటికీ వానని మిల్లీమీటర్లలో అడగరు, ‘పదును ఎంతలోతు దిగింది’ అంటారు. ఆయన ఫిర్యాదల్లా ఒకటే, కార్తెల మాట వింటే ఇప్పుడు నాట్లు దెబ్బతింటున్నాయని. దాన్ని రుజువుగా రాయడం లేదు, ఒక మనిషి జ్ఞాపకం కూడా నా మూడేళ్ళ గ్రాఫ్ లాంటిదే.

ముప్ఫై ఏళ్ళు కాదు, రెండు వందల ఏళ్ళ చూపు ఉన్న చోటు మా ఇంటికి గంట దూరంలోనే ఉంది. నుంగంబాక్కంలో మద్రాసు అబ్జర్వేటరీ 1792లో కట్టారు, వాతావరణ పరిశీలనలు 1796లో మొదలయ్యాయి, దేశంలో కలకత్తా తర్వాత అంత పాత కేంద్రం ఇదే. అప్పటి గ్రానైట్ స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది, దాని మీద చెక్కిన భాషల్లో మన తెలుగూ ఒకటి. అన్నట్టు మన దేశంలో ఇలాంటి పరికరాలు మనమే తయారుచేసుకునేలా చేసినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు అన్నా మణి, ఆవిడ చదివిందీ ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలోనే. మా పాప తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకి ఆవిడ గురించే రాసింది.

రెండో ఏడాది ఒక గమ్మత్తు జరిగింది. కింది పోర్షన్ వాళ్ళు ఏసీ కొని, దాని అవుట్‌డోర్ యూనిట్ తెచ్చి మా పైపుకి ఆరడుగుల దూరంలో పెట్టారు. ఆ రోజు నుంచి మా రాత్రి ఉష్ణోగ్రతలు డిగ్రీన్నర పెరిగాయి. యాప్ సంబరంగా ‘వేడెక్కుతోంది’ అంది. బాబాయ్ ఇది పట్టుకున్నారు, ‘చూశావా, మీ గ్లోబల్ వార్మింగ్ అంతా ఇంతే, స్టేషన్ల పక్కన ఏసీలు, సిమెంటు’ అని. ప్రశ్న మంచిదే, ఒప్పుకోవాలి. ఊళ్ళు చుట్టుపక్కల కంటే వేడిగా ఉంటాయి, కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది, అది నిజం. కానీ దీనికి జవాబు నా డబ్బాలోనే దొరికింది.

నా స్టేషన్ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుందని చెప్పాను కదా. ప్రతిరోజూ అదే ఒక డిగ్రీ తప్పు చూపిస్తే నష్టమేమీ లేదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా సరిగ్గానే వస్తుంది. పావుకిలో తప్పు తూచే కాటా మీద కూడా పిల్లాడు ఎంత బరువు పెరిగాడో తెలుస్తుంది, మధ్యలో కాటా మార్చనంతవరకూ. భూమి వేడి లెక్కకట్టేవాళ్ళు అందుకే అసలు అంకెల్ని కలిపి సగటు తీయరు, ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ తన పాత సగటు నుంచి ఎంత జరిగిందో ఆ తేడాలనే కలుపుతారు. ఏసీ పెట్టిన రోజు నా గ్రాఫ్‌లో వచ్చినట్టు ఉన్నట్టుండి మెట్టు కనిపిస్తే, పక్క స్టేషన్లతో పోల్చి సరిచేస్తారు. అన్నిటికంటే పెద్ద సంగతి, భూమి మీద 70 శాతం సముద్రం, అక్కడ ఏసీలూ లేవు, అపార్ట్‌మెంట్లూ లేవు, అదీ వేడెక్కుతోంది. పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోంది. ఇది రాశాక బాబాయ్ రెండు రోజులు గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు మాత్రమే పెట్టారు.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ సెన్సర్. ఇది బెడ్‌రూమ్‌లో పెట్టాను. తలుపులు మూసి ఏసీ వేసుకుని ముగ్గురం పడుకుంటే తెల్లారేసరికి 1,400 పీపీఎం. అంటే పది లక్షల గాలి అణువుల్లో 1,400 ఇవి. కిటికీ తీస్తే పావుగంటలో 450కి దిగుతుంది. తల దిమ్ముగా లేవడానికి కారణం దొరికింది, ఈ ఒక్క పనికి ఆ ₹6,500 గిట్టుబాటే. మా ఆవిడ అడిగింది, ‘మరి మనం ఊపిరి వదిలినా గ్లోబల్ వార్మింగేనా’ అని. కాదు. మనం వదిలే కార్బన్ మనం తిన్న అన్నంలోది, ఆ వరి మొక్క పోయిన ఖరీఫ్‌లోనో రబీలోనో గాలిలోంచి తీసుకున్నది, తీసిందే తిరిగి ఇస్తున్నాం. బొగ్గు, పెట్రోలు అలా కాదు, కోట్ల ఏళ్ళు భూమిలో పాతుకుపోయిన కార్బన్‌ని తవ్వి కొత్తగా గాలిలో కలపడం. ఆ పాత కార్బన్‌కి గుర్తు కూడా ఉంది, దాన్లో రేడియోధార్మిక కార్బన్-14 మిగిలి ఉండదు, గాలిలో దాని పాలు తగ్గడం చూసి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టేస్తున్నారు.

ఈ సెన్సర్‌లో ఒక లోపం ఉంది, నాకు భలే నచ్చిన లోపం. ఇది వారంలో చూసిన అన్నిటికంటే తక్కువ అంకెని ‘బయటి గాలి’ అనుకుని దాన్ని 400 అని తనకు తానే సర్దుకుంటుంది. ఫ్యాక్టరీలో అలా రాసి పెట్టారు. కానీ బయటి గాలి 400 దగ్గర ఎప్పుడో ఆగిపోలేదు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలత మొదలుపెట్టినప్పుడు 313 చిల్లర, 2013 మేలో మొదటిసారి ఒక రోజు సగటు 400 దాటింది, 2024 సగటు 424 దాటింది. ఫ్యాక్టరీలు, రైళ్ళు రాకముందు సుమారు 280. అంటే నా సెన్సర్ కొన్నరోజునే ఇరవైదాకా వెనకబడి ఉంది, ఏడాదికి రెండు మూడు పీపీఎం చొప్పున ఇంకా వెనకబడుతుంది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేసి చేత్తో సరిచేసుకోవచ్చు, మాన్యువల్ 31వ పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

‘పది లక్షల్లో నాలుగొందలు ఏం చేస్తాయిరా’ అనేది బాబాయ్ ఆఖరి బాణం. గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్, వాటికి భూమి వదిలే వేడి కంటికే ఆనదు, అలా పోనిచ్చేస్తాయి. ఎండ భూమికి తగిలి, భూమి ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదిలితే, మధ్యలో పట్టుకునేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, మీథేన్ లాంటివే. అవి అసలు లేకపోతే భూమి సగటు మైనస్ 18 డిగ్రీలు, ఉన్నాయి కాబట్టి 15 దగ్గర బతుకుతున్నాం. ఇది కొత్తగా పుట్టిన వాదమేమీ కాదు, 1856లో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాలు ఎండలో పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది, 1859లో టిండాల్ అనే శాస్త్రవేత్త ఏ వాయువు ఎంత వేడిని పట్టుకుంటుందో కొలిచాడు, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో అరీనియస్ అనే ఇంకో శాస్త్రవేత్త కాగితం మీద లెక్క వేశాడు.

ఇలా వేడిని పట్టి ఉంచే ఈ గాలి దుప్పటి ఎలా పనిచేస్తుందో మా మేడ మీదే చూడొచ్చు. జనవరిలో ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉన్న రాత్రి మాకు 20 దాకా దిగుతుంది, మబ్బు కమ్మి తేమగా ఉన్న రాత్రి 24 దగ్గరే ఆగిపోతుంది. ఆ పని చేసేది మబ్బు, నీటి ఆవిరి. మరి ఆవిరే అంత పని చేస్తుంటే కార్బన్ మీద ఏడుపెందుకు? ఆవిరి పదిరోజులు తిరక్కముందే వానై కింద పడిపోతుంది, గాలి ఎంత వేడిగా ఉంటే అంతే మోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉండిపోతుంది. అది కాస్త వేడి పెంచితే ఆవిరి వచ్చి దాని మీద ఇంకాస్త పెంచుతుంది.

ఎండ సెన్సర్ గురించి ఒక మాట, అది ఉత్త అలంకారం, దుమ్ము పడితే ఇరవై శాతం తక్కువ చూపిస్తుంది. సూర్యుడే మండిపోతున్నాడు అనేవాళ్ళు దాన్ని నమ్ముకోవద్దు. సూర్యుడిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి, భూమి వేడి ఇంత పెరిగినా ఆయన వేడి పెరిగిన దాఖలా లేదు. పైగా సూర్యుడి వల్ల అయితే పైపొరలు కూడా వేడెక్కాలి, కానీ మబ్బులకి పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర చల్లబడుతోంది. దుప్పటి కింద వేడి ఆగిపోతే పైన చల్లగానే ఉంటుంది మరి.

అసలు పరీక్ష 2023 డిసెంబర్‌లో వచ్చింది, మిచౌంగ్ తుఫాను. 3వ తేదీ నుంచి పీడనం ముల్లు దిగుతూనే ఉంది, మామూలుగా 1012 మిల్లీబార్ల దగ్గరుండేది 1000కి వచ్చింది, అది మాత్రం ఈ కన్సోల్ అద్దంలా చూపించింది. రాత్రంతా మెలకువగా కూచుని చూశాను. 4వ తేదీ మధ్యాహ్నం కరెంటు, వైఫై రెండూ పోయాయి, కన్సోల్ బ్యాటరీ గంటలో చచ్చింది, అప్పటికి వాన లెక్క 310 మిల్లీమీటర్లు. స్టీల్ డబ్బా ఎప్పుడో నిండి పొర్లిపోయింది. కింద వీధిలో నడుములోతు నీళ్ళు, ఓనర్ సార్ కుటుంబం మూడు రోజులు మా ఇంట్లోనే, ఏడుగురికి పప్పు, చారు, పచ్చడి. నగరంలో చాలా చోట్ల 40 సెంటీమీటర్లు దాటిందని తర్వాత తెలిసింది. కరెంటు వచ్చాక చూస్తే 4, 5 తేదీల డేటా ఖాళీ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘ఇంటర్నెట్ ఉంటేనే డేటా సేవ్ అవుతుంది సార్, తుఫాను టైంలో వాడకండి’ అన్నాడు ఆ అబ్బాయి. వెదర్ స్టేషన్‌ని తుఫానులో వాడకూడదట! అతన్ని అని లాభం లేదు, ఎవరో రాసిచ్చింది చదివాడు.

ఆ తుఫాను గురించి కూడా ఈసారి గ్రూప్‌లో తొందరపడి రాయలేదు. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి మోయగలదు, అది ఫిజిక్సు, కాబట్టి వాన పడితే కుండపోతగా పడే అవకాశం పెరుగుతుంది. అలాగని పడిన ప్రతి వానకీ అదే కారణం అనలేం, ఏ సంఘటనకి ఆ సంఘటన లెక్క చూడాలి. 2015 డిసెంబర్ 1న చెన్నైని ముంచిన వానని శాస్త్రవేత్తలు అలా పరిశీలించి, దాన్లో గ్లోబల్ వార్మింగ్ ప్రభావం కనపడలేదనే రాశారు, గాలిలోని కాలుష్యపు రేణువులు ఆ ప్రభావాన్ని ఇప్పటిదాకా కప్పి ఉంచి ఉండొచ్చన్నారు. ఇది చదివాకే నాకు ఆ శాస్త్రం మీద గురి కుదిరింది, దొరకనిది దొరకలేదని రాస్తున్నారు కాబట్టి. ఇక మా వీధి మునగడానికి ఆకాశం దాకా పోనక్కర్లేదు, పల్లికరణై చిత్తడినేలని ఇళ్ళూ ఆఫీసులూ చెత్తకుప్పా ఆక్రమించుకుంటూ వచ్చాయి, 2022లో మిగిలిన ముక్కకి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంటే చిత్తడినేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో చోటు. మేం అద్దెకుంటున్న ఇల్లూ ఒకప్పుడు నీళ్ళు నిలిచే చోటే అయ్యుంటుంది.

2024 భూమి మొత్తానికి 1850-1900 నాటి సగటు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క, ఒక ఏడాది మొత్తం 1.5 దాటడం అదే మొదటిసారి. పారిస్ ఒప్పందంలో దేశాలు పెట్టుకున్న 1.5 హద్దు ఒక్క ఏడాది గురించి కాదు, ఏళ్ళ తరబడి సగటు గురించి, కాబట్టి అది ఇంకా దాటినట్టు కాదు. బాబాయ్ కూడా ఇది అడిగి తెలుసుకున్నారు, వాదించలేదు, వయసు మీదపడిందేమో.

కొనాలా వద్దా అంటే, మేడ మీద పైపు పెట్టనిచ్చే ఓనరు, వారానికోసారి గరాటు కడిగే ఓపిక ఉంటే కొనండి. కొన్నరోజే కన్సోల్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి, లేకపోతే అసలు అవసరమైన రోజు గుడ్డిదైపోతుంది. పళ్ళేల గూడు ఎక్స్‌ట్రా కొనాలి. ఉష్ణోగ్రత అంకెని ఎవరికీ పంపేముందు నుంగంబాక్కంతో పోల్చుకోండి, నా పరువు పోయినట్టు మీది పోకూడదు. పీడనానికి ఐదుకి ఐదు, గాలికి నాలుగు, వానకి మూడు, వేడికి సర్దుబాటు తర్వాత మూడు, యాప్‌కి ఒకటి. ఆ ఒకటీ గ్రాఫ్ రంగులు బాగున్నాయని ఇచ్చాను.

రెండు ట్యాబ్‌ల సంగతి కంపెనీకి మూడుసార్లు మెయిల్ చేశాను, రెండోదానికి ‘శీతోష్ణస్థితి’ అని పెట్టండి, అసలు ఆ ఆరు నెలల గ్రాఫ్‌ని పీకేయండి అని. పోయిన వారం అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు మొదటిది ‘వాతావరణం’, రెండోది ‘వాతావరణం 2’.